ఐపీ పెట్టిన తరువాత: రుణ విముక్తి, పరపతి నమోదు

తెలుగు ఊళ్లలో ‘దివాలా పిటిషన్ వేశాడు’ అనడం అరుదు. ‘ఐపీ పెట్టాడు’ అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు అది పొట్టి పేరు. ఐపీ పెడితే అప్పు పోతుందనీ, దానితోపాటు పరపతి కూడా శాశ్వతంగా పోతుందనీ చాలామంది నమ్మకం. చట్టాన్నీ, రుణ సమాచార వ్యవస్థనూ కలిపి పరిశీలిస్తే రెండూ సరికావని తేలుతుంది. అప్పు నుంచి విముక్తినిచ్చేది కోర్టు. పరపతిని నమోదు చేసేవి రుణ సమాచార సంస్థలు. మొదటిదాని తీర్పు రెండోదానికి చేరే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపమని ఈ వ్యాస ప్రతిపాదన.

చట్టం

కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి 2019 డిసెంబరు 1 నుంచి 2016 నాటి దివాలా స్మృతి వర్తిస్తోంది. మామూలు రైతుకు, ఉద్యోగికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఆధారం. ఇందులో పిటిషన్ తొలి మెట్టు మాత్రమే. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాక, జప్తుకు వీల్లేనివి మినహా ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళ్తుంది. కోర్టు చెప్పిన గడువులోగా విముక్తికి దరఖాస్తు చేసుకోకపోతే 43వ సెక్షన్ కింద ఆ ప్రకటనే రద్దవుతుంది. విముక్తి దొరికినా ప్రభుత్వ బాకీ, మోసంతో చేసిన అప్పు మిగులుతాయి. జామీను పడ్డవారి బాధ్యతా తీరదు.

72వ సెక్షన్ మరీ కఠినం. విముక్తి పొందని దివాలాదారు తన స్థితి చెప్పకుండా 50 రూపాయలు, అంతకు మించి అరువు తీసుకుంటే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. 1920లో 50 రూపాయలు పెద్ద మొత్తం. ఇవాళ కిరాణా కొట్టులో ఖాతా రాయించుకునే సరుకులు కూడా ఆ హద్దు దాటుతాయి.

నమోదు

రుణ సమాచార సంస్థ అయిన సిబిల్ ఇచ్చే నివేదికలో ప్రతి రుణ ఖాతాకూ నెలకో గడి ఉంటుంది. వాయిదా గడువు మీరి ఎన్ని రోజులైందో అందులో అంకెగా పడుతుంది. సాధారణంగా 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో చేరుస్తుంది. ఆ తర్వాత ‘రిటెన్ ఆఫ్’ (లెక్కల్లోంచి కొట్టివేత), ‘సెటిల్డ్’ (రాజీతో ముగింపు) వంటి ముద్రలు పడతాయి. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరును కుంగదీసేవి ఇవే. ఐపీ పెట్టాల్సిన స్థితికి వచ్చినవారి గడులు కోర్టు గడప తొక్కకముందే నిండిపోతాయి. కనుక పరపతి దెబ్బతినేది ప్రధానంగా పిటిషన్ వల్ల కాదు, అంతకుముందు ఆగిన వాయిదాల వల్ల.

కోలుకునే దారి

అమెరికా చట్టం దివాలా వివరం పరపతి నివేదికలో పదేళ్లకు మించి ఉండరాదంటుంది. మన నిబంధనలు రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలంటాయి. అక్కడిది గరిష్ఠ పరిమితి, ఇక్కడిది కనిష్ఠం. పైగా మన సంస్థలు బ్యాంకులు పంపిన వివరాలనే నమోదు చేస్తాయి. కోర్టు ఇచ్చిన విముక్తి ఉత్తర్వు దానంతట అది ఆ గడుల్లోకి రాదు.

అందుకే విముక్తి పొందినవారు ఉత్తర్వు నకలును బ్యాంకుకూ, రుణ సమాచార సంస్థకూ రాతపూర్వకంగా అందజేయాలి. ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితం. తప్పుపై ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే ఈ భారమంతా చితికిపోయిన మనిషి మీదే వేయడం న్యాయం కాదు. విముక్తి తేదీ నివేదికలో తప్పనిసరిగా కనిపించాలి. తెలుగులో పరపతి అంటే అప్పు పుట్టడమే కాదు, నలుగురిలో మాట చెల్లడం కూడా. కోర్టు విముక్తుడని చెప్పిన మనిషికి ఆ రెండూ తిరిగి దక్కాలి.