చందాలతో నడిచే వార్తలు

యేడాదికి రెండుమూడుసార్లు మన కారు రేడియోలో వార్తలు హఠాత్తుగా ఆగిపోతాయి. అంతవరకు సెనేటులో యేం జరిగిందో చెప్పిన గొంతే, "మీరు యింకా చందా పంపలేదా?" అని అడగడం మొదలుపెడుతుంది. ఫోను నెంబరు చెబుతారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చెబుతారు. మనవాళ్లలో చాలామంది ఆ వారం రోజులూ స్టేషను మార్చేస్తారు. దాచడమెందుకు, మేమూ మార్చినవాళ్లమే. యీ దేశం వచ్చిన కొత్తలో అది మాకు విడ్డూరంగానూ, కొంచెం చిన్నతనంగానూ తోచింది. వార్తలు చెప్పే సంస్థ జోలె పట్టుకోవడమేమిటి? ప్రభుత్వమైనా నడపాలి, లేదా వ్యాపారస్థులైనా నడపాలి గాని!

అలా అనుకోవడంలో వింతేమీ లేదు. మన చెవులు ఆకాశవాణితో పెరిగినవి. పొద్దున్నే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, తర్వాత విజయవాడ, హైదరాబాదుల నుంచి ప్రాంతీయ వార్తలు. తూకం వేసినట్లుండే ఆ మాట తీరు, తడబాటులేని ఆ చదువు యిప్పటికీ మనకు వార్తలంటే యెలా వుండాలో చెప్పే కొలబద్ద. ఆ వార్తలకు డబ్బు కట్టినది కూడా మనమే సుమా! 1980ల దాకా లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి, క్యూలో నిలబడి, రుసుము కట్టి ముద్ర వేయించుకు రావడం మనలో పెద్దవారికి గుర్తుండే వుంటుంది. అయితే ఆ రుసుము సర్కారు ఖజానాలో పడేది. ఖజానా నుంచి సమాచార మంత్రిత్వశాఖకు, అక్కడినుంచి ఆకాశవాణికి. డబ్బు మనదే గాని, వార్తల గదిలో వారికి కనిపించే యజమాని మాత్రం మంత్రిగారు.

దాని ఫలితం 1975లో బయటపడింది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించారు. మర్నాడు పొద్దున ప్రధానమంత్రి స్వయంగా రేడియోలో ఆ మాట చెప్పారు. ఆ తర్వాత 21 నెలలపాటు దేశంలో అంతా సవ్యంగానే వున్నట్లు వినిపించింది. 1984 అక్టోబరు 31న యిందిరాగాంధీని పొద్దున 9 దాటాక కాల్చారు. ఆకాశవాణి ఆమె మరణవార్త చెప్పేసరికి సాయంత్రమైంది. బి.బి.సి. అంతకు కొన్ని గంటల ముందే చెప్పింది. బెంగాలు పర్యటనలో వున్న రాజీవ్ గాంధీ సైతం ట్రాన్సిస్టరులో బి.బి.సి. పెట్టుకుని విన్నారంటారు. తల్లి సంగతి తెలుసుకోవడానికి కొడుకు పరదేశపు రేడియో వినవలసి రావడం కన్న యెక్కువగా మేము చెప్పవలసినదేమీ లేదు. యిందులో న్యూస్‌రీడర్ల తప్పేమీ లేదు. వారిచేతికి వచ్చిన కాగితమే వారు చదివారు.

యీ సంగతి మనసులో పెట్టుకుని అమెరికా పబ్లిక్ రేడియో చరిత్ర చూస్తే, ఆ చందాల వారం కొంత వేరుగా కనిపించింది మాకు.

1967 జనవరిలో కార్నెగీ కమిషన్ ఒక నివేదిక యిచ్చింది. విద్యకు, ప్రజోపయోగానికి టెలివిజన్‌ను యెలా వాడుకోవాలన్నది దాని విషయం. అందులో రేడియో వూసే లేదు. అప్పటికి రేడియో పాతబడిపోయిన సరుకు, పాటల పెట్టె. యూనివర్సిటీల్లో చిన్న చిన్న స్టేషన్లు నడుపుకుంటున్న కొద్దిమంది మాత్రం వాషింగ్టనులో పట్టువదలకుండా తిరిగారు. ఆఖరి ఘడియలో 'టెలివిజన్' అన్న మాట పక్కన 'రేడియో' అన్న మాటను టైపుచేసి, జిగురు టేపుతో బిల్లు చిత్తుప్రతికి అంటించారని చెప్పుకుంటారు. ప్రెసిడెంటు జాన్సన్ 1967 నవంబరు 7న ఆ చట్టంమీద సంతకం చేశారు. మనం రోజూ వినే నేషనల్ పబ్లిక్ రేడియో ఆ టేపుముక్క పుణ్యమే అనాలి.

చట్టం చేసినవారు ఒక జాగ్రత్త తీసుకున్నారు. కాంగ్రెసు యిచ్చే డబ్బు నేరుగా వార్తలవారి చేతికి పోకుండా మధ్యలో కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థను నిలబెట్టారు. అది ప్రభుత్వశాఖ కాదు. మన పొలాల్లో కాలవనీరు నేరుగా మడిలోకి వదలకుండా బోదెలోకి మళ్లించి పారించినట్లన్నమాట. దాంతోపాటే వివాదాస్పద విషయాలలో సమతూకం పాటించాలని చట్టంలో రాశారు. కార్పొరేషన్ డబ్బు తీసుకునే స్టేషన్లు సంపాదకీయాలు చెప్పకూడదన్న నిషేధం కూడా వుండేది. దానిని 1984లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో కొట్టివేసింది.

నేషనల్ పబ్లిక్ రేడియో 1970 ఫిబ్రవరిలో పుట్టింది. అది గాలిలోకి వచ్చిన మొదటి కార్యక్రమం పాటా కాదు, నాటకమూ కాదు. 1971 యేప్రిల్‌లో వియత్నాం యుద్ధంపై సెనేట్ విదేశ వ్యవహారాల కమిటీ జరిపిన విచారణను జరుగుతున్నది జరుగుతున్నట్లు వినిపించారు. తర్వాత మే 3వ తేదీ సాయంత్రం 5 గంటలకు 'ఆల్ థింగ్స్ కన్సిడర్డ్' మొదలైంది. ఆనాడు యుద్ధవ్యతిరేకులు వాషింగ్టను వీధులు దిగ్బంధం చెయ్యాలని చూశారు. ఒక్కరోజున 7,000 మందికి పైగా అరెస్టయ్యారు. విలేకరులు టేపురికార్డర్లు భుజాన వేసుకుని ఆ గుంపుల్లో తిరిగారు. ప్రసారవేళకు టేపు కత్తిరింపు పూర్తికాక, అనౌన్సరు కొన్ని నిమిషాలు నోటికి తోచినది మాట్లాడి నెట్టుకొచ్చాడు. తర్వాత దాదాపు 24 నిమిషాలపాటు హెలికాప్టర్ల మోత, కేకలు, పోలీసుల మాటలు, కుర్రవాళ్ల మాటలు వినిపించాయి. అదే కార్యక్రమంలో, యువకులు జుట్టు పెంచుకోవడంతో బేరాలు తగ్గి ఆడవారి కాళ్లు షేవింగ్ చేసే పనికి దిగిన అయోవా మంగలి కథ కూడా వుంది! యీ వరసకు కర్త బిల్ సీమరింగ్ అనే ఆయన. బఫెలోలో ఒక యూనివర్సిటీ స్టేషను నడిపి వచ్చినవాడు. దేశంలో మనుషులు ఒకరి గొంతు ఒకరు వినాలన్నది ఆయన పట్టుదల.

1972లో ఆ కార్యక్రమానికి సూసన్ స్టాంబర్గ్ వ్యాఖ్యాతగా వచ్చారు. అమెరికాలో దేశమంతటికీ రోజూ సాయంత్రం వచ్చే వార్తా కార్యక్రమాన్ని ఒక మహిళ నడపడం అదే మొదలు. యిక్కడ మనవాళ్లు కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. 1960లలోనే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన జోలిపాళెం మంగమ్మగారి గొంతు మన యిళ్లలో అప్పటికే పాతపడింది. ఆ విషయంలో ఆకాశవాణి అమెరికా కన్న ముందుంది.

కట్ట యెంత గట్టిదన్నది తొందరలోనే తెలిసింది. పబ్లిక్ టెలివిజన్ రాజకీయ కార్యక్రమాలమీద కోపంతో వున్న నిక్సన్, 1972 జూన్ 30న కార్పొరేషన్ నిధుల బిల్లును వీటో చేశారు. మరుసటి యేడే సెనేటులో వాటర్‌గేట్ విచారణ! పబ్లిక్ రేడియో ఆ విచారణను ఆద్యంతం వినిపించింది. నిక్సన్ వెళ్లిపోయాక, 1975లో కాంగ్రెసు చట్టం మార్చి, నిధులు ముందుగానే కేటాయించే పద్ధతి పెట్టింది. యీ యేడు చెప్పిన వార్త నచ్చకపోతే వచ్చే యేటి డబ్బు ఆపుదామంటే వీలుపడకూడదని దాని వుద్దేశం.

రేడియో చేసిన పనులలో మాకు అన్నిటికన్న గొప్పగా తోచేది 1978 నాటి పనామా కాలువ చర్చ. కాలువను పనామాకు తిరిగి అప్పగించాలా వద్దా అని దేశం రెండుగా చీలిపోయింది. అప్పటికి సెనేటు సభలోకి మైక్రోఫోను అడుగుపెట్టనిచ్చిన వాడుక లేదు. నేషనల్ పబ్లిక్ రేడియోకు ఆ అనుమతి దొరికింది. లిండా వర్తైమర్ సభలోనే వుండి 37 రోజుల చర్చను దేశానికి వినిపించారు. రెండు ఒప్పందాలూ 68-32 ఓట్లతో నెగ్గాయి. కావలసినవి 67. అంటే ఒక్క ఓటు మిగులు! యెవరి ఓటు యెటు పోతుందో తెలియని ఆ దినాలలో, పొలంలోనో వంటింట్లోనో వున్న మనిషి తాను గెలిపించిన సెనేటరు యేమంటున్నాడో వాడి నోటనే విన్నాడు. సెనేటులోకి టెలివిజన్ కెమెరాలు వచ్చింది 1986లో మాత్రమే. మన ఆకాశవాణి పార్లమెంటు సమీక్ష చదివేది. చక్కగా రాసిన సమీక్షే, కాదనం. కాని తమ వోటు పుచ్చుకున్న సభ్యుడి గొంతు కాకినాడలోనూ, కరీంనగరులోనూ యెవరూ వినలేదు.

1979 నవంబరు 5న 'మార్నింగ్ ఎడిషన్' మొదలైంది. ముందురోజునే టెహరానులో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించుకున్నారు. దాంతో విదేశవార్తల ఆకలి ఒక్కసారిగా పెరిగింది. యిక్కడ మా ఫిర్యాదు ఒకటి చెప్పుకోవాలి. యీ రేడియోలో యింగ్లండు, ఇజ్రాయెల్, రష్యా ముచ్చట్లు దండిగా వినిపిస్తాయిగాని, ఇండియా మాత్రం యెన్నికలప్పుడూ, వుపద్రవాలప్పుడూ గుర్తుకొస్తుంది. యిక తెలుగుదేశం సంగతి అడగనే అక్కరలేదు.

1983లో యిల్లు కాలినంత పనైంది. ఆదాయం పెరుగుతుందని లెక్కవేసి ఖర్చు పెంచారు. ఆదాయం పెరగలేదు. మిలియన్ల డాలర్ల అప్పు తేలింది. అధ్యక్షుడు వైదొలిగాడు, ఉద్యోగాలు పోయాయి. కార్పొరేషన్ అప్పిచ్చి నిలబెట్టింది. ఆ దెబ్బతో డబ్బు నడిచే దారే మారిపోయింది. అంతకుముందు కార్పొరేషన్ సొమ్ము వాషింగ్టనులోని నేషనల్ పబ్లిక్ రేడియోకు నేరుగా వచ్చేది. 1987 నుంచి అది వూరూరా వున్న స్టేషన్లకు వెళ్లడం మొదలైంది. స్టేషన్లు దానికి శ్రోతల చందాలు కలుపుకుని, తమకు కావలసిన కార్యక్రమాలను కొనుక్కునేవి. అందుచేత వాషింగ్టనులో వార్తలు రాసేవారికి ఫెడరల్ ప్రభుత్వం నుంచి నేరుగా అందేది వారి బడ్జెటులో నూటికి ఒకటి మాత్రమే అయింది. మనం ఆ వారమంతా స్టేషను మార్చుకుని తప్పించుకునే చందా యీ యేర్పాటులోని అసలు నట్టు.

ఆకాశవాణికి యిలాంటి కట్ట కట్టాలని మన దేశంలోనూ అనుకోకపోలేదు. చందా కమిటీ 1966లో, వర్గీస్ కమిటీ 1978లో అడిగాయి. (మొదటిదానికి 'చందా' అన్న పేరు దాని అధ్యక్షుడి యింటిపేరునుబట్టి వచ్చింది. మన చందాకూ దానికీ సంబంధం లేదు.) ప్రసారభారతి చట్టం 1990లో చేసి, 1997 దాకా అమలు పెట్టలేదు. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చెప్పినవారిలో మన జస్టిస్ జీవన్ రెడ్డిగారు ఒకరు. తీర్పు వచ్చింది గాని, డబ్బు మాత్రం ఆ తర్వాతా ప్రధానంగా ఢిల్లీ బడ్జెటు మీదుగానే వచ్చింది.

యిక 2025 సంగతి. నేషనల్ పబ్లిక్ రేడియో ఒక పక్షం వైపు వాలుతున్నదని చాలాకాలంగా విమర్శ వుంది. 2024లో ఆ సంస్థ సీనియర్ ఎడిటరు ఒకరే ఆ మాట రాసి, రాజీనామా చేశారు. ఆ విమర్శ వుత్తదని మేము అనం. చట్టం సమతూకం పాటించమన్నది కదా, అడిగే హక్కు యెవరికైనా వుంది. కాని వేసిన శిక్ష యెవరికి తగిలిందో చూడాలి. 2025 జూలైలో కాంగ్రెసు, అప్పటికే రెండేళ్లకు ముందుగా కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసేసుకుంది. సెనేటులో 51-48, ప్రతినిధుల సభలో 216-213. నిక్సన్ అనుభవంతో కట్టిన 1975 నాటి కట్ట అలా తెగింది. ఆగస్టు 1న కార్పొరేషన్ తన దుకాణం కట్టేస్తున్నట్లు ప్రకటించింది.

నూటికి ఒక్క పాలు పోయినంతలో వాషింగ్టను వార్తల గది ఆగదు. పెద్ద నగరాల స్టేషన్లకు చందాదారులున్నారు. దెబ్బ తగిలింది అలాస్కాలోనూ, రిజర్వేషన్లలోనూ, కొండల మధ్య చిన్న వూళ్లలోనూ వున్న స్టేషన్లకు. వాటిలో కొన్నిటికి బడ్జెటులో సగానికి పైగా యీ డబ్బే ఆధారంగా వుండేది. వార్తల స్వేచ్ఛకోసం డబ్బును వూళ్లమీదుగా తిప్పిన దారే, కోత పడినప్పుడు ఆ వూళ్లమీద పడేలా చేసింది. చిన్న వూళ్ల ఆసుపత్రుల్లో పనిచేస్తూ, రాత్రి డ్యూటీ అయి యింటికి వెళ్తూ యీ స్టేషన్లు వినే డాక్టర్లు మన సంఘంలోనే వున్నారు. వారు యీసారి మాకు ఫోను చేసినప్పుడు అడిగినది ఒకటే, వాళ్ల స్టేషనువాళ్ల చిరునామాకు పక్క వూరివాళ్లం కూడా చందా పంపవచ్చునా అని. పంపవచ్చు.