అక్షరాలలో అంకెలు: మేళకర్త రాగాల పేర్ల చరిత్ర

మన పాఠశాలలో సంగీతం తరగతి జరిగే గదికీ నా గదికీ నడుమ ఒక్క గోడ మాత్రమే ఉన్నది. ఆ గోడ మీదుగా వినవచ్చే సరళీ స్వరాలు నా దినచర్యలో ఒక భాగమైనవి. ఒకనాడు పాట ఆగిపోయి వాదం వినిపించగా లోనికి వెళ్లి చూచితిని. ఏడవ తరగతి బాలిక ఒకతె పలక మీద ‘నటభైరవి’ అని వ్రాసి, లెక్క కట్టి, అది పదవ మేళకర్త అని పట్టుబట్టినది. కాదు, ఇరువదవది అని ఉపాధ్యాయిని అనుచున్నారు. ఆ బిడ్డ లెక్కలో తప్పు లేదు, వ్రాతలో ఉన్నది. ఆ రాగం పేరు ‘నఠభైరవి’. ట స్థానంలో ఠ వ్రాయగానే పది ఇరువది అయినది. ఒక్క ఒత్తక్షరం పది మేళాల దూరం తెచ్చినది!

పిల్లలను చేర్పించవచ్చిన తల్లిదండ్రులలో కొందరు నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “టీచరమ్మగారూ, ఇంట్లో మాట్లాడే తెలుగు ఎలాగూ వచ్చు. ఈ ఖ, ఛ, ఠ, థ లన్నీ నేర్చి పిల్లలు ఏం చేసుకుంటారండీ?” అని. నాలుగు తరాలుగా తమిళదేశంలో స్థిరపడిన కుటుంబాలకు ఆ సందేహం కలగడంలో ఆశ్చర్యం లేదు. వారికి సమాధానంగా, ఈ ప్లాటినం జూబిలీ సంచికలో మన సంగీతశాస్త్రం తన రాగాలకు పేర్లు పెట్టుకున్న కథను చెప్పదలచితిని.

స్వరాల మధ్య గల సూక్ష్మమైన అంతరాలను మన పూర్వులు శ్రుతులు అన్నారు. ఒక స్థాయిలో ఇరువది రెండు శ్రుతులని భరతుని నాట్యశాస్త్రం పేర్కొన్నది. షడ్జ గ్రామంలో షడ్జానికి నాలుగు, రిషభానికి మూడు, గాంధారానికి రెండు, మధ్యమ పంచమాలకు నాలుగేసి, ధైవతానికి మూడు, నిషాదానికి రెండు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో సంగీత రత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు ఒక్కొక్క శ్రుతికీ తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి అంటూ పేర్లు ఇచ్చాడు. వినసొంపైన పేర్లే, కాని పేరు వినగానే అది ఎన్నవ శ్రుతియో తెలియదు. కంఠస్థం చేయవలసినదే.

ఆ తరువాత రాగాలను వాటి స్వరాలను బట్టి కుటుంబాలుగా చేర్చే పద్ధతి వచ్చినది. ఆ కుటుంబమే మేళం. విజయనగరంలో అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రచించి ఇరువది మేళాలను వివరించాడు. వాటికి ఆయన పెట్టిన పేర్లు ముఖారి, మాళవగౌళ, శ్రీరాగం, కేదారగౌళ, కాంభోజి మొదలైనవి. అనగా కుటుంబంలో ప్రసిద్ధుడైన ఒకని పేరే కుటుంబమంతటికీ పేరైనది. ఆనాడు వాడుకలో ఉన్న రాగాలకు అది చాలినది.

17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల మంత్రి గోవింద దీక్షితుని కుమారుడు వేంకటమఖి చతుర్దండీ ప్రకాశిక రచించాడు. వాడుకలో ఉన్న మేళాలు ఎన్ని అని కాక, ఉండదగిన మేళాలు ఎన్ని అని ఆయన ప్రశ్నించుకున్నాడు. ఇక్కడనే మన గుణింతం రంగప్రవేశం చేసినది. రిషభం మూడు విధాలు: ర, రి, రు. గాంధారం మూడు విధాలు: గ, గి, గు. మధ్యమం రెండు: మ, మి. ధైవత నిషాదాలు ధ, ధి, ధు; న, ని, ను. హల్లు ఏ స్వరమో చెప్పును. అచ్చు దాని ఎత్తు చెప్పును. రిషభ గాంధారాలు జతకూడే తీరులు ఆరు: రగ, రగి, రగు, రిగి, రిగు, రుగు. ధైవత నిషాదాలకూ ఆరే. ఆరు ఆరులు ముప్పదియారు. మధ్యమాలు రెండు గనుక డెబ్బదిరెండు. అంతకు ఒకటి చేర్చుటగాని తగ్గించుటగాని ఎవరి తరమూ కాదని ఆయన ధీమాగా వ్రాశాడు. అయితే ఆనాటికి వాడుకలో ఉన్నవిగా ఆయన లెక్కించినవి పందొమ్మిది మాత్రమే. తక్కినవి ఇల్లు కట్టి తలుపు తెరవని గదులు.

ఖాళీ గదులకు పేర్లెట్లు పెట్టవలెను? వేంకటమఖి తరువాతివారు దానికి కటపయాది పద్ధతిని ఆశ్రయించారు. జ్యోతిష గణితాలలో అంతకు ముందునుండే వాడుకలో ఉన్న పద్ధతి అది. క మొదలు వరుసగా 1, 2, 3 అని ఝ వరకు తొమ్మిది. ట మొదలు ధ వరకు తొమ్మిది. ప మొదలు మ వరకు అయిదు. య, ర, ల, వ, శ, ష, స, హ లకు ఒకటి మొదలు ఎనిమిది. ఞ, న లకు సున్న. పేరులోని మొదటి రెండు అక్షరాల అంకెలను తీసుకొని తిరగవేసి చదివితే మేళం సంఖ్య వచ్చును. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగవేయగా 15. ఖరహరప్రియలో ఖ 2, ర 2, కనుక 22.

తెలుగువారికి ఇది ఎంతో పరిచితమైన ఏర్పాటు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. శంకరాభరణం పాతరాగం, దానికి ‘ధీర’ అనే ఇంటిపేరు చేర్చగా ధ 9, ర 2, అనగా 29. కల్యాణికి ‘మేచ’ చేర్చగా 65. తోడికి ‘హనుమ’ చేర్చగా 8. కాంభోజికి ‘హరి’ చేర్చగా 28. పాత రాగాలు పేరు పోగొట్టుకోలేదు, చిరునామా సంపాదించుకొన్నవి.

చిరునామాలో వీధి కూడా ఉన్నది. డెబ్బదిరెండు మేళాలను ఆరేసి చొప్పున పన్నెండు చక్రాలు చేసి, వాటికి ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య అని పేర్లు పెట్టారు. చంద్రుడొక్కడు, కన్నులు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథ బాణాలు అయిదు అన్న వరుస తెలిసినవారికి చక్రం సంఖ్య దానంతట అదే తెలియును. ఇరువది తొమ్మిదవ మేళం అయిదవదైన బాణచక్రంలో అయిదవ ఇల్లు. చక్రాన్ని బట్టి రిగు, ఇంటిని బట్టి ధిను. ముప్పదియారు కలిపితే 65. అవే స్వరాలు, మధ్యమం మాత్రం ప్రతిమధ్యమం. అదే కల్యాణి. వీణ ముట్టనక్కరలేదు, పుస్తకం తెరవనక్కరలేదు. పేరు ఒక్కటి సరిగా పలికితే స్వరాలన్నీ చేతికి వచ్చును.

ఏ పద్ధతికైనా కొన్ని వెసులుబాట్లు తప్పవు. సంయుక్తాక్షరంలో సాధారణంగా చివరి హల్లునే లెక్కించవలెను. రత్నాంగిలో ‘త్నా’కు న విలువ సున్న, కనుక రెండవ మేళం. షణ్ముఖప్రియలో ‘ణ్ము’కు మ విలువ 5, కనుక 56. కాని చక్రవాకంలో ‘క్ర’లోని మొదటి హల్లైన క నే పట్టుకుంటేగాని 16 రాదు. సూత్రంతో పాటు మినహాయింపులనూ ఉపాధ్యాయులు చెప్పవలసినదే.

ఈ పేర్ల పట్టికలు నిజానికి రెండు. కనకాంబరి, ఫేనద్యుతి అని మొదలయ్యేది వేంకటమఖి సంప్రదాయంలో వచ్చి ముత్తుస్వామి దీక్షితుల కృతులలో నిలిచినది. కనకాంగి, రత్నాంగి అని మొదలయ్యేది గోవిందుని సంగ్రహ చూడామణిలోనిది. నేటి పాఠ్యపుస్తకాలలో ఉన్నది ఇదే. ఒకరి హనుమతోడి మరొకరికి జనతోడి, మేచకల్యాణి శాంతకల్యాణి, ఖరహరప్రియకు బదులు శ్రీరాగం. పేర్లు మారినా అంకెలు మారలేదు.

దీక్షితుల సంప్రదాయాన్ని కాపాడిన మహాగ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శిని. దానిని రచించినది సుబ్బరామ దీక్షితులు, అచ్చయినది 1904లో, అచ్చయిన ఊరు ఎట్టయాపురం. నేటి తూత్తుక్కుడి జిల్లాలోని ఆ ఊరినుండి వెలువడిన ఆ గ్రంథం లిపి ఏమిటో తెలుసునా? తెలుగు! ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులు స్వరసహితంగా, గమక చిహ్నాలతో తెలుగు అక్షరాలలో తమిళదేశంలో అచ్చైనవి. అదే సంవత్సరం ఉత్తరాది సంగీత పండితుడు భాత్‌ఖండే దక్షిణయాత్రలో ఎట్టయాపురం వెళ్లి సుబ్బరామ దీక్షితులను కలిశాడు. హిందుస్థానీ రాగాలను ఆయన పది థాట్‌లుగా వర్గీకరించడం వెనుక వేంకటమఖి ప్రేరణ ఉన్నది.

పద్ధతిని ఎంత పొగడినా, పేరు వేరు, రాగం వేరు అన్న సంగతి మరువరాదు. నఠభైరవి కింద చేర్చిన భైరవిలో రెండు ధైవతాలూ పలుకును. తోడి గాంధారం ఊగే తీరు ఏ అంకెలోనూ ఇమడదు. ఇరువది రెండు శ్రుతుల సూక్ష్మాలన్నీ పన్నెండు స్వరస్థానాలలో పట్టవు. మేళాలలో నలుబది వివాదిస్వరాలతో కూడినవి; వాటిలో పెక్కింటిని గాయకులు ఎప్పుడో గాని ముట్టరు. అయినను కోటీశ్వర అయ్యర్ డెబ్బదిరెండింటిలోనూ తమిళ కృతులు రచించారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్నవయసులోనే డెబ్బదిరెండింటిలో కృతులు కూర్చగా, అవి 1952లో జనకరాగ కృతిమంజరిగా వెలువడినవి. పేరు ఉండబట్టియే ఆ ఖాళీ గదుల తలుపు తట్టేవారు ఉన్నారు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తును. మన పొరుగువారి తమిళ లిపిలో ట, ఠ, డ, ఢ లకు ఒక్కటే అక్షరం. వారి భాషకు అది చాలును. అందులో లోపమేమీ లేదు. కాని సంగీతం పుస్తకాలకు వచ్చేసరికి వారు అక్షరం పక్కన చిన్న అంకెలు వేసుకోవలసి వచ్చినది. మన పిల్లలకు ఆ ఏర్పాటు వర్ణమాలలోనే ఉన్నది. నాటకప్రియ పదవది, నఠభైరవి ఇరువదవది. ఆ రెంటినీ వేరు చేయుటకు ఠ లోని చుక్క ఒక్కటి చాలును. అయితే అచ్చుపుస్తకాలలో సైతం ‘నటభైరవి’ అని కనిపించడం కద్దు. ఆ చుక్కను మనమే జారవిడిస్తే, లెక్క తప్పినందుకు ఏడవ తరగతి బాలికను తప్పుపట్టగలమా?

డెబ్బదియైదు సంవత్సరాలుగా ఈ పాఠశాల పిల్లలచేత ఓనమాలు దిద్దిస్తున్నది. ఇక్కడ చదివినవారందరూ తెలుగులో ఉద్యోగాలు చేయలేదు, చేయబోరు. ఆ సంగతి మాకూ తెలుసు. కాని తమ తాతలు దాచిపెట్టిన పెట్టెకు తాళంచెవి వారి చేతిలో ఉండవలెనన్నదే మా కోరిక. పూర్వవిద్యార్థులు ఈసారి ఇంట్లో పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఏదైనా ఒక మేళకర్త పేరు చెప్పి, దాని సంఖ్య కనుగొమ్మని అడిగి చూడండి. వారు వ్రేళ్లు మడిచి లెక్కిస్తూ క, ఖ, గ, ఘ అని పైకి వల్లించగలిగితే, ఈ పాఠశాల తన పని తాను చేసినట్లే.

– ప్రధానోపాధ్యాయిని