నల్గొండకు డబ్బు పంపిన రైతులు

1890లో నల్గొండకు వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్ క్రైస్తవుడు. ఆయన ఖర్చు అక్కడి రైతుల సంఘాలే చందాలు వేసుకొని పంపేవి. (సాయంతోపాటు మతమూ వచ్చింది, అది వేరే చర్చ.) యుద్ధంతో, 1917 విప్లవంతో ఆ డబ్బు ఆగిపోయింది. కొన్నేళ్లకే పంపినవాళ్లు ఆకలిపాలయ్యారు.

వాళ్లను ఆదుకోవడానికి 1920లో అమెరికాలోని మెన్నొనైట్ సంఘాలు కలిసి మెన్నొనైట్ సెంట్రల్ కమిటీని పెట్టాయి. 1922లో యుక్రెయిన్‌లో అన్నం కేంద్రాలు నడిపింది. 1923 నుంచి సుమారు 20,000 మంది మెన్నొనైట్లు ఇల్లూ పొలమూ వదిలి కెనడాకు వలసపోయారు. పని కాగానే మూసేద్దామనుకున్న కమిటీ అది. మూయలేదు, సంఘాల చందాలతోనే నిలిచింది. 1940లలో బెంగాల్ కరువుకు అందుకే రాగలిగింది. కరువు వచ్చాక చందా అడగడం వేరు, రాకముందే ఏర్పాటు ఉండడం వేరు.

మా చెంచు పెంటల్లో డబ్బు దాచే అలవాటు తక్కువ. గడ్డలు, తేనె, ఇప్పపువ్వు ఇచ్చే అడవే మా నిధి. పులుల అభయారణ్యం కోసం అడవి దాటి పొమ్మంటే ఆ నిధి వెంట రాదు. ఒక్కసారి చేతికిచ్చే పరిహారం ఎన్నేళ్లు వస్తుంది? తేనె, జిగురు అమ్మిన రోజున ఇంటికి పది రూపాయలు పక్కన పెడదామని మాలో మాట వచ్చింది. డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, లెక్క ఎవరు రాయాలి అన్న దగ్గర ఆగింది.