తలలు లెక్కపెట్టాకే ఊయల

ముంబైలోనో, ఢిల్లీలోనో, బెంగళూరులోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే మధ్యతరగతి ఇంట్లో ఇంటి అద్దె తరువాత గుండెను బరువెక్కించే ఖర్చు పసిబిడ్డ డే కేర్ రుసుము. భరించగలిగినవారు భరిస్తారు. భరించలేని ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతుంది. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కరలేదు. దీనిని మనం ఇంటి సమస్యగానే చూస్తున్నాం. వాస్తవానికి ఇది రాజ్యం తొంభై ఏళ్లుగా అనుసరిస్తున్న ఒక విధానానికి ఫలితం.

1920వ దశకంలో బొంబాయి నూలు మిల్లులలో పనిచేసే తల్లులు పసిబిడ్డలకు నల్లమందు గోలీలు పెట్టి, మగతలో నిద్రపుచ్చి, పనిలోకి వెళ్లేవారు. వాటికి బాలగోలీలని పేరు. బిడ్డపై మమకారం లేక చేసిన పని కాదది. రోజుకు పది, పదకొండు గంటలు మిల్లులో గడిపే స్త్రీకి, బిడ్డను చూసే మరో మనిషి లేని ఇరుకు గదిలో, మిగిలిన మార్గం అదొక్కటే. తెలంగాణ నుంచి వలస వెళ్లిన మన పద్మశాలీలూ ఆ మిల్లులనే నమ్ముకొని బతికారు.

1934 ఫ్యాక్టరీల చట్టం ఈ దుస్థితిని గుర్తించింది. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో పిల్లలకు ఒక గది కేటాయించేలా నిబంధనలు చేసే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. స్వతంత్ర భారతం 1948లో దానిని తప్పనిసరి చేసింది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించింది. ముందడుగులే, సందేహం లేదు. కానీ అసలు చిక్కు ఆ సంఖ్యలోనే ఉంది. ఊయల బిడ్డ హక్కు కాలేదు, స్త్రీలను పనిలో పెట్టుకున్నందుకు యజమాని మోయవలసిన అదనపు భారమైంది. ఆ భారం తప్పించుకోవడానికి సులువైన దారి స్త్రీల సంఖ్యను గీత దాటనీయకపోవడమే.

గీత దాటని లెక్కలు భవన నిర్మాణ స్థలాల్లో మరింత స్పష్టంగా కనిపిస్తాయి. 1969లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం ఢిల్లీ రాజ్‌ఘాట్ సమీపంలో కట్టడాలు లేస్తున్నప్పుడు, దుమ్ములో పడి ఉన్న కూలీల పసిపిల్లలను మీరా మహాదేవన్ చూశారు. ఆ కలతలోంచే మొబైల్ క్రెషెస్ సంస్థ పుట్టింది. 1972లో అది ముంబైకీ విస్తరించింది. రాజ్యం ఆ స్థలాలకు చేరడానికి 1996 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా 50 మందికి మించిన స్త్రీలనే లెక్కించింది. ఒకే భవనంపై పనిచేసే కూలీలు పదిమంది ఉప గుత్తేదారుల కింద చీలిపోతే, కాగితం మీద ఏ ఒక్కరి దగ్గరా 50 మంది కనబడరు. దేశమంతటా కట్టడాలకు చెమటోడ్చిన పాలమూరు కూలీలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం స్త్రీపురుష భేదం లేకుండా 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెష్ తప్పనిసరి చేసింది. మంచి మార్పే. అయినా రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు తల్లికే కల్పించింది, తండ్రి ప్రస్తావన లేదు. చిన్న దుకాణంలో, నలుగురి ఇళ్లలో పనిచేసే స్త్రీకి ఆ చట్టంతో నిమిత్తమే లేదు.

ప్రభుత్వం తన వంతు ఎంత మోసింది? 1975లో మొదలైన అంగన్‌వాడీలు పోషకాహారానికీ, మూడేళ్లు దాటిన పిల్లల పూర్వ విద్యకూ ఉద్దేశించినవి. పూట గడవగానే మూతపడే కేంద్రం పనిదినమంతా బిడ్డను చూడలేదు. 2006లో ఆరంభమైన జాతీయ క్రెష్ పథకం కింద ఒక దశలో 20 వేలకు పైగా కేంద్రాలు నడిచాయి. 2017లో వ్యయ భారాన్ని కొంత రాష్ట్రాలపైకి నెట్టాక, 2020 నాటికి అవి 7 వేల లోపుకు కుదించుకుపోయాయి. ఇప్పుడు 'పాల్నా' పేరిట అంగన్‌వాడీలకు క్రెష్‌లను జతచేసే ప్రయత్నం సాగుతోంది.

ఈ వెనుకబాటుకు మూలం రాజ్యాంగంలోనూ ఉంది. 2002లో 86వ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు బిడ్డను మాత్రం 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రాలకే వదిలేసింది. అంటే న్యాయస్థానంలో నిలదీసి అడగలేని వాగ్దానం. 26 వారాల ప్రసూతి సెలవు ముగిసిన నాటి నుంచి మూడేళ్లు నిండేదాకా నగరంలోని బిడ్డకు రాజ్యం దాదాపు కనిపించదు.

ఆ ఖాళీని పూరిస్తున్నది ఎవరు? తన బిడ్డను పెద్దపిల్ల చేతిలోనో, పొరుగింటి ముసలమ్మ దగ్గరనో వదిలి, మరొకరి బిడ్డను ఎత్తుకోవడానికి వచ్చే ఆయా. నల్లమందు గోలీల కాలం పోయి ఉండవచ్చు. ఆమె బిడ్డ నిరీక్షణ మాత్రం పోలేదు. మహిళా రిజర్వేషన్ల గురించి ఇంతగా మాట్లాడుతున్న పార్టీలు తమ ఎన్నికల ప్రణాళికల్లో ఆ బిడ్డకు ఒక హక్కు రాయగలవా? ఓటు అడగడానికి వచ్చినవారిని మనం వేయవలసిన ప్రశ్న ఇది.