పియర్ రివ్యూ వయసెంత?

పరిశోధక విద్యార్థులకు చెప్పే పాఠాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టాడు, పియర్ రివ్యూ, అంటే అచ్చుకు ముందు వ్యాసాన్ని తోటి పండితులు పరీక్షించే పద్ధతి, అప్పుడే పుట్టింది అని. ఇది సరికాదు. ఓల్డెన్‌బర్గ్ తనకు అందిన ఉత్తరాలు, వ్యాసాల్లోంచి తానే ఏరి అచ్చువేశాడు. 1752లో రాయల్ సొసైటీ ఆ పత్రికను చేపట్టి ఎంపికకు కమిటీ వేసింది గానీ, వ్యాసాల్లోని నిజానిజాలకు సంఘం పూచీ లేదని అందులోనే ప్రకటించింది.

అసలు మలుపు 1831-32లో ఉంది. వ్యాసాన్ని పండితులు చదివి నివేదిక రాయాలని, ఆ నివేదికను అచ్చువేయాలని రాయల్ సొసైటీలో విలియం హ్యూయెల్ ప్రతిపాదించాడు. ఆయన కోరింది వడపోత కాదు, కొత్త శాస్త్రం నలుగురికీ తెలియడం. మొదట భూమి, శుక్రగ్రహాల గమనం మీద జార్జ్ ఐరీ రాసిన వ్యాసం తీసుకున్నారు. రెండో పరీక్షకుడు జాన్ లబ్బక్ లెక్కల్లోకి దిగి, లోపాలు చెప్పి తీరాలన్నాడు. వ్యాసం గొప్పదనం చెబితే చాలని మొదటి పరీక్షకుడైన హ్యూయెల్ వాదన. చివరికి లబ్బక్ తగ్గి హ్యూయెల్ రాసిన నివేదిక మీదే సంతకం పెట్టాడు. కొద్దికాలానికే నివేదికలు గుప్తమయ్యాయి. పరిచయం చేయడమా, తప్పు పట్టడమా అన్న ఆ తగువు నేటికీ తెగలేదు.

అయితే ఒక్క సంఘం కథను లోకం కథ అనలేం. చాలా పత్రికలు సంపాదకుడి విచక్షణతోనే నడిచాయి. 1936లో ‘ఫిజికల్ రివ్యూ’ తన వ్యాసాన్ని రిఫరీకి, అంటే బయటి పరీక్షకుడికి, చూపించిందని ఐన్‌స్టీన్ కోపంతో దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అందులో తప్పుందన్న రిఫరీ మాటే నిజమైంది. మరుసటి ఏడు మరో పత్రికలో వచ్చినప్పుడు దాని ముగింపు మారింది. 1953లో వాట్సన్, క్రిక్‌ల డీఎన్ఏ వ్యాసాన్ని ‘నేచర్’ రిఫరీలకు పంపకుండానే వేసింది. అక్కడ బయటి సమీక్ష నియమంగా మారింది 1973లోనే. అంటే మనం సనాతనమనుకునే పద్ధతి అంతటా నియమమై ఇంకా నూరేళ్లు నిండలేదు.

ఈ సమీక్షను నాణ్యతకు ముద్రగా మార్చుకున్న పాపం మాత్రం మన కాలానిదే. ఉద్యోగానికీ ప్రమోషన్‌కీ పేపర్ల లెక్క ముడిపెట్టాక, చదవకుండానే ముద్ర వేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేసింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. సమీక్ష చేయిస్తామని చెప్పి చేయించలేదన్నది ఆ కేసులో ఒక అభియోగం.

కొన్ని పత్రికలు ఇప్పుడు సమీక్షలను కూడా బయటపెడుతున్నాయి. హ్యూయెల్ ఆశ ఇన్నాళ్లకు తీరుతోందని నాకు సంతోషమే. కానీ పెద్ద ప్రొఫెసర్ వ్యాసంలో తప్పుందని తన పేరు పెట్టి రాసే ధైర్యం ఒక కుర్ర పరిశోధకుడికి ఎక్కడిది? లబ్బక్ అంతటివాడే తగ్గాడు. అందుకే రిఫరీ పేరు దాచడం నాకు సమ్మతమే, నివేదిక దాచడం కాదు. ఇంటర్వ్యూ బోర్డులు కూడా ఎన్ని పేపర్లని అడగడం మానాలి. మీ వ్యాసంలో ఎవరు ఏ తప్పు పట్టారు, మీరేం దిద్దుకున్నారు అని అడగాలి. నిజంగా పరిశోధన చేసినవాడి దగ్గర దానికి జవాబు ఉంటుంది.