సారా కొట్టు నుంచి గంజాయి పొట్లం దాకా: మన జిల్లా ఆడవాళ్ల కథ

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. నేను మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటం గురించి, ఇవాళ గంజాయి నుంచి మన పిల్లల్ని కాపాడుకోడానికి అది నేర్పే సంగతి గురించి రాస్తున్నాను. ఇప్పుడు సంఘాల్లో చేరుతున్న చిన్న వయసు వాళ్లలో చాలామందికి ఈ కథ తెలియదు.

1980లలో ప్రభుత్వం వారుణి వాహిని అనే పథకం పెట్టి సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మించింది. అంతకుముందు తాగాలంటే కొట్టు దాకా నడవాలి. ప్యాకెట్ వచ్చాక సారాయే ఊళ్లోకి, వాడల్లోకి, పనిచేసే చోటికి నడిచొచ్చింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే అయిపోయేవి. ప్రతి ఇంట్లో ఇదే బాధ. కానీ ప్రతి ఆడమనిషీ ఇది నా ఇంటి పరువు, నా తలరాత అనుకుని నోరు మూసుకుంది. పక్కింట్లో ఏడుపు వినపడినా వినపడనట్టే ఉండేవాళ్లు.

ఆ మౌనాన్ని రాత్రి బడి పోగొట్టింది. 1991 ప్రాంతంలో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు దగ్గర పలక పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల పాడైన సంసారం కథ అది. అది చదివి ఒకరు ఇది మా ఇంటి కథే అంటే, ఇంకొకరు మాదీ అంతే అన్నారు. అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్న చోట మొదటిసారి ఇంటి బాధ నలుగురి ముందుకు వచ్చింది.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించారు. ప్యాకెట్ల జీపు వస్తే చుట్టుముట్టి వెనక్కి పంపారు. కలెక్టరుకి చెప్తామన్నారు. ఈ సంగతినే మళ్లీ పాఠంగా అచ్చువేసి మిగతా ఊళ్ల రాత్రి బడులకు పంపారు. దూబగుంట వాళ్లు చేస్తే మనమెందుకు చెయ్యలేం అని ఊరూరా లేచారు. 1992లో చీపుర్లు, కారం పొడి పట్టుకుని పొలిమేరల్లో కాపలా కాశారు. ప్యాకెట్లు తగలబెట్టారు. తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టమన్నారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు.

చివరికి 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబర్‌లో ఎన్.టి.రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యి, ప్రమాణం చేసిన వెంటనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. అయితే పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, ఊళ్లలో నాటుసారా ఆగలేదు. 1997లో నిషేధం ఎత్తేశారు.

అయితే ఆడవాళ్లు ఓడిపోయారా? నేనైతే అలా అనుకోను. సారా పోయిన రోజుల్లో మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి దాచుకుందాం అని మన జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి గ్రూపులు పెట్టుకున్నారు. చట్టం వచ్చింది, పోయింది. గ్రూపులు మాత్రం నిలబడ్డాయి. మనం ఇవాళ కూర్చునే మీటింగు వెనక ఆ రూపాయి ఉంది.

ఆ పోరాటంలో ఒక పని మిగిలిపోయింది. సరుకు ఆపగలిగారు గానీ, అప్పటికే తాగుడికి బానిసైన మనిషికి వైద్యం ఎవరు చేయించాలనే మాట గట్టిగా రాలేదు. అలవాటు ముదిరిన వాడు నిషేధంలోనూ ఎక్కడో ఒకచోట వెతుక్కుని తాగాడు. ముదరకముందే పట్టుకోవాలని దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు గంజాయి సంగతికి వద్దాం. సారా కొట్టుకి బోర్డు ఉండేది, ఎదురుగా వెళ్లి నిలబడగలిగారు. గంజాయికి బోర్డు లేదు. పొట్లం జేబులో పడుతుంది, చాక్లెట్ రూపంలో కూడా వస్తోంది. 1985 నుంచే దీని మీద గట్టి కేంద్ర చట్టం ఉంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించారు. అయినా పిల్లవాడి చేతికి మొదటి పొట్లం ఇచ్చేది ఎక్కువగా స్నేహితుడే. అక్కడికి పోలీసు ముందుగా రాలేడు. ముందు చూడగలిగేది ఇంట్లో వాళ్లే.

ఏం చూడాలి? ఉన్నట్టుండి స్నేహితులు మారడం, బడి ఎగ్గొట్టడం, కళ్లు ఎర్రబడటం, రాత్రి నిద్ర లేకపోవడం, ఊరికే కోపం, ఇంట్లో చిన్న చిన్న డబ్బులు మాయమవడం. వీటిలో ఒకటి కనపడగానే గంజాయే అని తేల్చకూడదు, వయసు వల్ల కూడా కావచ్చు. రెండు మూడు కలిసి కొన్నాళ్లు కనపడితే కూర్చోబెట్టి మాట్లాడాలి. కొడితే వాడు దాచడం నేర్చుకుంటాడు. బయటికి గెంటితే పొట్లం ఇచ్చినవాడి దగ్గరికే పోతాడు. పెళ్లి చేస్తే బాగుపడతాడనుకోవడం ఇంకో ఆడపిల్ల గొంతు కోయడమే.

మాటతో మారకపోతే 14446కి ఫోన్ చెయ్యండి. అది మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు, దగ్గరలో వైద్యం ఎక్కడో చెప్తారు. అమ్మేవాళ్ల సంగతి చెప్పాలంటే మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972. కేసు పెడతారేమో అని భయపడి బిడ్డను దాచిపెట్టకండి. తక్కువ మోతాదుతో దొరికిన బానిస తనంతట తానుగా ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యం అడిగి, పూర్తిగా చేయించుకుంటే కేసు నుంచి మినహాయింపు ఆ చట్టంలోనే ఉంది. అమ్మేవాడికి ఆ వీలు లేదు.

మా పిల్లల గురించి మీటింగులో చెప్తే పరువు పోతుంది, పెళ్లి సంబంధాలు రావు అని చాలామంది తల్లులు అనుకుంటారు. 1991కి ముందు సారా విషయంలో మన పెద్దవాళ్లు మూసుకున్న నోరు ఇదే. అందుకే ఒక మాట అడుగుతున్నాను. ప్రతి గ్రామ సంఘం మీటింగులో పొదుపు, వాయిదాలు అయ్యాక పిల్లల గురించి పది నిమిషాలు కేటాయిద్దాం. అక్కడ విన్నది బయట చెప్పకూడదని తీర్మానం పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెడదాం. ఒక తల్లి నోరు విప్పితే ఆస్పత్రికి తోడుగా ఇద్దరు వెళ్దాం, ఖర్చుకి సంఘంలోంచి అప్పు ఇద్దాం. తిరిగొచ్చిన పిల్లవాడిని ఊరు వేలెత్తి చూపకుండా, పనిలో పెట్టేదాకా చూద్దాం.

రోశమ్మ వాళ్లకి లాంతరు, పలక తప్ప ఇంకేం లేవు. మనకి సంఘం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, చేతిలో ఫోన్ ఉంది. వచ్చే నెల మీటింగు నుంచే ఆ పది నిమిషాలు మొదలుపెడదాం.