దేవి ఆజ్ఞ, పలక మీద పాఠం

సూరత్ అనగానే మనవాళ్ళకు మరమగ్గాలు, చీరల మార్కెట్లు గుర్తొస్తాయి. బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన పద్మశాలీలు, ఇతర తెలుగు కుటుంబాలు అక్కడ పెద్ద సంఖ్యలోనే వున్నాయి. కానీ ఆ నగరం చుట్టూ వున్న పల్లెల చరిత్ర మనకు అంతగా తెలియదు. సేద్యం చేసే స్త్రీలు ఎలా మేలుకుంటారు, ఎలా సంఘటితమవుతారు అని ఆలోచించేవారు ఆ చరిత్ర చదవాలి. హేతువాదులు మరీ చదవాలి. ఎందుకంటే అందులో ఒక దేవత కూడా వుంది!

1922 చివర్లో సూరత్ జిల్లా ఆదివాసీ పల్లెల్లో సలాబాయి అనే దేవి వచ్చిందన్న వార్త పాకింది. జనం పందిళ్ళ కింద గుంపులుగా కూడేవారు. పూనకం వచ్చినవారి నోట ఆజ్ఞలు వెలువడేవి. సారా, కల్లు మానండి. మాంసం ముట్టకండి. రోజూ స్నానం చేయండి. పార్సీ సారా వ్యాపారుల దగ్గర పనికి పోకండి.

మూఢనమ్మకం అని నవ్వి వదిలేయటం తేలిక. డేవిడ్ హార్డిమన్ 1987లో వెలువరించిన 'ది కమింగ్ ఆఫ్ ది దేవి' చదివితే ఆ నవ్వు నిలవదు. 1878 నాటి అబ్కారీ చట్టం ఇంట్లో సారా కాచుకోవటాన్ని నేరం చేసింది. ఇక దుకాణంలో కొనక తప్పలేదు. చాలాచోట్ల సారా అమ్మినవాడే అప్పిచ్చాడు. అప్పు తీరకపోతే పొలం రాయించుకున్నాడు. సొంత పొలంలోనే కూలి చేయవలసిన గతి పట్టింది. కనుక ఆజ్ఞ దేవి పేరిట వచ్చినా, దాని వెనక వున్నది బతుకు లెక్క.

అయితే ఆ మార్పు నిలిచిందా? కొంతకాలానికే చాలామంది మళ్ళీ తాగుడుకు దిగారు. మానినవారిని వర్జేలా అని, తిరిగి మొదలుపెట్టినవారిని సర్జేలా అని పిలిచారు. పూనకంలో వచ్చిన మాటను ప్రశ్నించే వీలు లేదు. ప్రశ్నించి, తర్కించి ఒప్పుకోని మాట మీద మనిషికి పట్టు ఎంతకాలం వుంటుంది? చౌధరీ తెగవారిలో మార్పు ఎక్కువగా నిలిచింది. వారి మధ్య బడులు, రాట్నం, వేడ్ఛీ ఆశ్రమం వంటివి ఏళ్ళ తరబడి పనిచేశాయి.

ఆ జిల్లాలోనే 1928లో బార్డోలీ సత్యాగ్రహం జరిగింది. భూమిశిస్తు 22 శాతం పెంచినందుకు రైతులు ఎదురు తిరిగారు. మిఠూబెన్ పేటిట్, భక్తిబా దేశాయ్, మణిబెన్ పటేల్ ఊరూరా తిరిగి స్త్రీలను సభలకు రప్పించారు. వల్లభ్‌భాయికి 'సర్దార్' అన్న పేరు పెట్టింది బార్డోలీ స్త్రీలే అంటారు. చివరికి విచారణ జరిగి, పెంపు 6 శాతం దగ్గరకు దిగింది. ఘనవిజయమే. కానీ ఆ పొలాల్లోనే అప్పుకు కట్టుబడి వెట్టి చేసే 'హాలీ'లు వున్నారు. హాలీ భార్య కూడా ఆసామి ఇంట్లో, కొట్టంలో చాకిరీ చేయాలి. శిస్తు తగ్గితే ఆమెకు ఒరిగిందేమిటి? ఆమెకు పట్టా లేదు, పలక లేదు, సంఘమూ లేదు.

ఇక డెబ్భై ఏళ్ళ తర్వాత మన నెల్లూరుకు వద్దాం. ఇక్కడా సమస్య సారాయే. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం పెద్దయెత్తున మొదలైంది. రాత్రి బడికి వచ్చినవారిలో వ్యవసాయ కూలీ స్త్రీలు ఎందరో. వాచకంలోని 'సీతమ్మ కథ' వారి ఇంటి కథే. చదివారు, చర్చించుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై ఇతర ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇక్కడ పూనకం లేదు, ఆజ్ఞ లేదు. వున్నది ఒక పాఠం, దాని మీద నలుగురి మాట.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రభుత్వం 1997లో సడలించింది. పైనుంచి ఇచ్చినదాన్ని పైవాళ్ళే తీసుకుపోగలరు. రోజుకో రూపాయి దాచుకున్న పొదుపు సంఘాలు మాత్రం మిగిలాయి. అవి స్త్రీలు కట్టుకున్నవి.

అలాగని సంఘం పెట్టగానే సరిపోదు. స్త్రీలను గుంపులుగా కూర్చి, ఒకరి అప్పుకు మరొకరిని బాధ్యుల్ని చేసి వసూలు చేసుకున్న సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేయటానికి 2010లో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. లెక్కల పుస్తకం చదవలేని సభ్యురాలికి సంఘం మరో ఆసామి ఇల్లే. భూమి సంగతి చూడండి. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు వారసత్వ ఆస్తిలో సమాన హక్కు కల్పించి నలభై ఏళ్ళు దాటింది. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాలు నిర్వహించేవారిలో స్త్రీలు సుమారు 14 శాతమే. నాట్లు వేసేది, కలుపు తీసేది ఆమె. రైతు అని రాసుకునేది ఆయన!

దేవి చెప్పిందనో, నాయకుడు చెప్పాడనో కదిలిన జనం, ఆ గొంతు ఆగగానే ఆగిపోవచ్చు. తానే చదివి, తానే లెక్క వేసి, నలుగురితో వాదించి తేల్చుకున్న స్త్రీని వెనక్కు పంపటం కష్టం. మహిళా రైతుల గురించి మాట్లాడే ప్రతి పథకాన్నీ మనం మూడు ప్రశ్నలు అడగాలి. పట్టా ఎవరి పేర వుంది? లెక్కలు ఎవరు రాస్తున్నారు? సభలో ఎదురుప్రశ్న వేసే హక్కు ఆమెకు వుందా?